ఇంగ్లీషు వచ్చు, స్కోరే రావడం లేదు

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో ఆరేళ్ళుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 29. సొంతూరు నల్లగొండ జిల్లా. పదో తరగతి దాకా సర్కారు బడి, తెలుగు మీడియం. తర్వాత బీఎస్సీ నర్సింగ్. నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. నర్సుగా బ్రిటన్ వెళ్ళాలని రెండేళ్ళుగా ప్రయత్నిస్తున్నారు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ, అకడమిక్ ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లో 7, రైటింగ్‌లో 6.5 అడుగుతుంది. ఈమె రెండుసార్లు రాశారు. మొదటిసారి లిజనింగ్ 7, రీడింగ్ 7, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6. తొమ్మిది నెలల తర్వాత రెండోసారి లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6, స్పీకింగ్ మళ్ళీ 6.

కోచింగ్ సెంటర్ వాళ్ళు అరవై టాపిక్‌లకి జవాబులు, ఏ ప్రశ్నకైనా పనికొస్తుందంటూ ఒక వ్యాసం టెంప్లేట్ ఇచ్చి బట్టీ పట్టమన్నారట. రెండో పరీక్ష స్పీకింగ్‌లో 'మీకు తెలిసిన ఒక పెద్ద వయసు మనిషి గురించి చెప్పండి' అని ప్రశ్న కార్డు వచ్చింది. బట్టీ పట్టినవాటిలో పక్కింటి రిటైర్డ్ మాస్టారి జవాబు ఉంది. దాన్నే మొదలుపెట్టారు. నలభై సెకన్లు గడగడా సాగి, ఒక వాక్యం మరిచిపోయేసరికి మొత్తం ఆగిపోయింది. 'ఆయన మీకు కూడా పాఠాలు చెప్పారా?' అని ఎగ్జామినర్ అడిగితే ముందు ఎస్ అని, వెంటనే నో అన్నారట. ఆ తర్వాత చర్చ కూడా పొడిపొడి మాటలతోనే గడిచిపోయింది. 'బయటికి వచ్చినంక గుర్తొచ్చింది, చెప్పడానికి నాకు మా నాయనమ్మ ఉంది కదా అని. ఫ్లోరైడ్ నీళ్ళకు నడుము వంగిపోయి, రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని నడిచేది. ఆమె దగ్గరే పెరిగిన నేను. కానీ ఆ టైంకు పక్కింటి మాస్టారే నోటికొచ్చిండు' అని రాశారు.

ఇప్పుడు కన్సల్టెన్సీ వాళ్ళు వచ్చే నెలే మళ్ళీ రాయమంటున్నారు, రెండు స్కోర్లు క్లబ్ చేస్తే సరిపోతుందని చెబుతున్నారు. యూనిట్‌లో తోటి నర్సు, వైద్యరంగం వాళ్ళ కోసం పెట్టే ఇంకో ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ సులువంటోంది. భర్త ఇక చాలంటున్నాడు. 'రెండుసార్లు ఫెయిలైంది' అని అత్తగారు చుట్టాలందరికీ చెబుతున్నారు. 'నాకు అసలు ఇంగ్లీషే రాదేమో సార్. మళ్ళీ రాయాలా, ఓఈటీకి మారాలా, మానెయ్యాలా?' అన్నది ప్రశ్న. ఉత్తరంతో పాటు తాను రాసిన రెండు వ్యాసాలు కూడా పంపారు.

---

అమ్మా, మీరు పంపిన వ్యాసాలు చదివాను. వాటికంటే ఉత్తరాన్ని రెండుసార్లు ఎక్కువ చదివాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు లెక్క తేల్చుకుందాం. క్లబ్బింగ్ మాట నిజమే, ఎన్ఎంసీ రెండు పరీక్షల స్కోర్లు కలిపి చూస్తుంది. కానీ రెండింటి మధ్య ఏడాదికి మించకూడదు. పైగా ఆ రెండిట్లో ఏ ఒక్కదాంట్లోనూ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ 6.5 కంటే, రైటింగ్ 6 కంటే తగ్గకూడదు. మీకు రెండుసార్లూ స్పీకింగ్ 6 దగ్గరే ఆగింది. అందుకని మీ దగ్గరున్న ఏ స్కోర్ కార్డూ క్లబ్బింగ్‌కి పనికిరాదు. వచ్చే నెల స్పీకింగ్‌లో 7 వచ్చినా పాతదానితో జత కుదరదు. ఇక రాయబోయే పరీక్ష దానంతట అదే నిలబడాలి, లేదంటే ఆ తర్వాత రాసేదానికి జతగా నిలవాలి. ఈ మాట కన్సల్టెన్సీ వాళ్ళకి తెలియక చెప్పలేదో, తెలిసీ చెప్పలేదో నాకు అనవసరం. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఫీజు కట్టే ముందు ఎన్ఎంసీ వెబ్‌సైట్ మీరే తెరిచి చదువుకోండి. రీడింగ్‌లో 7 తెచ్చుకున్న మనిషికి ఆ పేజీ ఒక లెక్క కాదు.

మీ అత్తగారి మాట గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఐఈఎల్‌టీఎస్‌లో పాస్, ఫెయిల్ లేవు. 6 వచ్చినవాళ్ళని వాళ్ళ భాషలో 'కాంపిటెంట్ యూజర్' అంటారు, 7 వస్తే 'గుడ్ యూజర్'. మీరు అందుకోవాల్సింది ఆ ఒక్క మెట్టు. ఇది ఆవిడకి వివరించాల్సిన పని లేదు, మీకు తెలిస్తే చాలు.

ఇక స్పీకింగ్. పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదట మీ గురించి మామూలు ప్రశ్నలు, తర్వాత కార్డు, చివర ఆ కార్డుని పట్టుకుని నాలుగైదు నిమిషాల చర్చ. కార్డు ఇచ్చాక ఒక నిమిషం ఆలోచించుకోనిస్తారు, ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. మార్కులు నాలుగు భాగాలు, నాలుగూ సమానం: తడబడకుండా వరస తప్పకుండా మాట్లాడటం, పదాలు, వ్యాకరణం, ఉచ్చారణ. మీరు చెప్పే సంగతి గొప్పదా కాదా అన్నదానికి మార్కు లేదు. రిటైర్డ్ మాస్టారు ఎంత ఆదర్శమూర్తి అయినా ఆయన వల్ల మీకు ఒక్క అర మార్కు కూడా పెరగదు. బట్టీ జవాబుల్ని గుర్తుపట్టడం ఎగ్జామినర్ల ట్రైనింగ్‌లోనే ఉంటుంది. నలభై సెకన్లు రైలులా వెళ్ళిన మనిషి, ఒక చిన్న ప్రశ్నకి ఎస్ అని మళ్ళీ నో అంటే వాళ్ళకి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ తర్వాత మీరు మీ సొంతంగా మాట్లాడింది పొడిపొడి మాటలే కాబట్టి, వాళ్ళ చేతికి దొరికింది అదే. 6 ఇచ్చారంటే, నా ఉద్దేశంలో ఉదారంగానే ఇచ్చారు.

మీరు ఉత్తరంలో మీ నాయనమ్మ గురించి రాసింది నాలుగు చిన్న వాక్యాలు. రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని నడిచేది అన్న మాట దగ్గర నేను చదవడం ఆపేశాను. ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది అందుకే. దీన్ని ఇంగ్లీషులో చెప్పడానికి పెద్ద పదాలేమీ అక్కర్లేదు. షి వాక్ట్ విత్ బోత్ హ్యాండ్స్ ఆన్ హర్ నీస్. అంతే. మీరు చూసింది కాబట్టి తర్వాతి వాక్యం దానంతట అదే వస్తుంది: నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళు, బిందె ఎవరు ఎత్తేవాళ్ళు, మీకు జడ ఎలా వేసేది. ఎగ్జామినర్ ఏం అడిగినా జవాబు మీ దగ్గరుంటుంది. లేని మాస్టారి గురించి అడిగితే ఎవరి దగ్గరుంటుంది?

అయితే, సొంత విషయం ఎంచుకున్నా ఆ ఒక్క నిమిషంలో వరస దొరకాలి కదా అంటారు. ఆ వరస మీకు ఆరేళ్ళుగా వచ్చు. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకి హ్యాండోవర్ ఎలా ఇస్తారు? చాలా ఆసుపత్రుల్లో ఎస్‌బార్ పద్ధతి నేర్పుతారు, మీ దగ్గరా అదే ఉండి ఉంటుంది: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, వెనక ఏం జరిగింది, నాకేం అనిపిస్తోంది, ఇక ఏం చేయాలి. నాయనమ్మ కార్డుకి కూడా అదే అల్లండి. ఆమె ఎవరు, ఎలా బతికింది, ఆమెని చూసి నాకేమనిపించింది, అందువల్ల ఇప్పుడు నేనేం చేస్తున్నాను. కాగితం మీద నాలుగు మాటలు రాసుకుంటే చాలు. బెడ్ నంబర్ ఆరు గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగిన మీకు ఇది కొత్త విద్య కాదు.

ఉచ్చారణ గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను. యాస ఉన్నందుకు మార్కులు పోవు, మాట అర్థం కాకపోతే పోతాయి. మన పదాలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, అందుకే బస్, బెంచ్‌లని బస్సు, బెంచీ చేసుకున్నాం. ఆ అలవాటుతోనే వర్క్‌ట్ (worked) అన్నదాన్ని వర్కెడ్ అంటాం, లేదా తొందరలో చివరి 'ట్' మింగేసి వర్క్ అంటాం. రెండోది మరీ ప్రమాదం, వినేవాళ్ళకి అది ఉచ్చారణ తప్పుగా కాక వ్యాకరణం తప్పుగా వినిపిస్తుంది. ఇంకోటి, తెలుగులో అక్షరాలన్నీ దాదాపు సమానంగా పలుకుతాం, ఇంగ్లీషులో ఒకదాని మీద ఊనిక ఉంటుంది. డయాలసిస్‌లో 'యా' మీద, డయాబెటిస్‌లో 'బీ' మీద. రోజూ మీ నోట్లో నానే ఇలాంటి పాతిక మాటలు తీసుకుని డిక్షనరీ యాప్‌లో విని సరిచేసుకోండి. బ్రిటిష్ యాస తెచ్చిపెట్టుకోవద్దు. సగం సగం వస్తే అదొక గోల.

రోజూ ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేయండి. వెంటనే వినొద్దు, మర్నాడు వినండి. వెంటనే వింటే సిగ్గేస్తుంది, మర్నాడైతే తప్పు వినిపిస్తుంది. చర్చలో ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనొచ్చు, అడిగినందుకు మార్కు తగ్గదు. అర్థమైనట్టు తలూపి ఇంకేదో చెబితేనే తగ్గుతుంది.

రైటింగ్ దగ్గర ఇంకొంచెం ఆగాలి. మీరు పంపిన ఒక వ్యాసానికి ప్రశ్న ఇది: ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే డబ్బులో ఎక్కువ భాగం చికిత్సకి కాకుండా రోగాలు రాకుండా చూడటానికి పెట్టాలి, మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు? మీ వ్యాసం 'ఇన్ దిస్ కాంటెంపరరీ ఎరా, ఇట్ ఈజ్ యాన్ అన్‌డినయబుల్ ఫ్యాక్ట్ దట్' అని మొదలైంది. మొదటి పేరాలో ఆరోగ్యం అన్న మాట తీసేసి ట్రాఫిక్ అని పెట్టినా ఏమీ తేడా రాదు. నేను పెట్టి చూశాను, సరిగ్గా అతికింది! తర్వాత రెండు పేరాల్లో 'ప్రివెన్షన్ ఈజ్ బెటర్ దాన్ క్యూర్' మూడుసార్లు వచ్చింది. దాన్ని నిరూపించే ఉదాహరణ ఒక్కటి లేదు.

మీరెవరు? షుగర్, బీపీ ఏళ్ళ తరబడి పట్టించుకోక కిడ్నీలు పోగొట్టుకున్నవాళ్ళని రోజూ మెషీన్‌కి కలిపే మనిషి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. పల్లె నుంచి బస్సులో వచ్చేవాళ్ళకి ఆ రోజంతా కూలి పోతుంది. తోడొచ్చినవాళ్ళ కూలి కూడా పోతుంది. ఆరోగ్యశ్రీ కింద ఆ ఖర్చు ప్రభుత్వమే మోస్తుంది. పదేళ్ళ ముందు ఊళ్ళోనే రక్తపరీక్ష చేసి మందులు ఇచ్చి ఉంటే ఎంత మిగిలేదో మీకంటే బాగా ఎవరు చెబుతారు? అది ఒక పేరా. రెండోది మీ ఇంట్లోనే ఉంది. ఎముకలకి పట్టిన ఫ్లోరోసిస్‌కి వైద్యం లేదు. వంగిన నడుము మళ్ళీ నిటారు కాదు. మంచి నీళ్ళు ఇవ్వడం ఒక్కటే దారి. చికిత్సకి ఎంత డబ్బు పోసినా లాభం లేని రోగం ఉందని మీ నాయనమ్మని చూపించి చెప్పొచ్చు. అంత గట్టి వాదన ఆ గదిలో ఇంకెవరి దగ్గరా ఉండదు, మీరేమో టెంప్లేట్ రాసొచ్చారు.

టెంప్లేట్ కాకుండా ఇలా రాసినదాన్నే వ్యాసం అంటారు. ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పారా, వాదన వరసగా ఉందా, పదాలు, వ్యాకరణం అని రైటింగ్‌లో చూసే నాలుగింట్లో మొదటి రెండూ దీంతోనే చక్కబడతాయి. రైటింగ్‌లో రెండు టాస్క్‌లు ఉంటాయి, వ్యాసం రెండోది. మొత్తం గంటలో మొదటి టాస్క్‌కి 20 నిమిషాలు, దీనికి 40 ఉంచుకోమంటారు, దీనికి మార్కుల బరువు కూడా రెట్టింపు. 250 మాటలకి తగ్గకూడదు. నిజంగా చెప్పాల్సింది ఉన్నవాళ్ళకి ఆ లెక్క పెద్ద సమస్య కాదు.

వ్యాకరణం దగ్గర మీ తప్పులు చూస్తే నాకు ఒకటి తట్టింది. 'పేషెంట్ కమింగ్ లేట్ టు హాస్పిటల్, కిడ్నీ ఆల్రెడీ డ్యామేజ్డ్' అని రాశారు. ఇది రాని ఇంగ్లీషు అనుకోవద్దు, ఇది కేస్ షీట్ ఇంగ్లీషు. పేషెంట్ కాన్షియస్, వైటల్స్ స్టేబుల్, డ్రెస్సింగ్ డన్ అని ఆరేళ్ళుగా రాస్తున్న చెయ్యి అది. అక్కడ క్రియలు, 'ద'లు, 'ఎ'లు వదిలేయడమే పద్ధతి. పైగా తెలుగులో 'ఆయన డాక్టరు' అంటే వాక్యం పూర్తయినట్టే, ఇంగ్లీషులో మధ్యలో 'ఈజ్' లేకపోతే కాదు. రెండు అలవాట్లూ ఒకే వైపు లాగుతున్నాయి. అందుకే వ్యాసం అయ్యాక చివరి మూడు నిమిషాలు వేరే ఏమీ చూడకుండా ప్రతి వాక్యంలో క్రియ ఉందా, ఏకవచనం ముందు 'ఎ' గానీ 'ద' గానీ కావాలా అని మాత్రమే చూడండి. ఆ వాక్యమే 'మెనీ పేషెంట్స్ కమ్ టు ద హాస్పిటల్ లేట్, వెన్ దెయిర్ కిడ్నీస్ ఆర్ ఆల్రెడీ డ్యామేజ్డ్' అవుతుంది. కొత్తగా పెద్ద పదం ఒక్కటీ చేర్చలేదు చూడండి.

గ్రాఫ్ ఇచ్చే మొదటి టాస్క్‌లో కనిపించిన ప్రతి అంకె రాసేస్తున్నారు. టెంపరేచర్ చార్ట్ చూసి డాక్టరుకి ఫోన్ చేస్తే ఆరు గంటలకి ఇంత, పది గంటలకి ఇంత అని మొదలుపెడతారా? 'రెండు రోజులుగా రాత్రిళ్ళు పెరుగుతోంది సార్' అంటారు, అంకెలు తర్వాత. ఆ ఒక్క మాటే వాళ్ళడిగే ఓవర్‌వ్యూ. అది లేకుండా 6 దాటడం కష్టం.

వారానికి ఏడు వ్యాసాలు రాయొద్దు. రెండు రాసి, ఒక్కోదాన్ని రెండుమూడుసార్లు తిరగరాయండి. ఎవరైనా దిద్దేవాళ్ళు ఉంటే మంచిది. ఈ మధ్య ఏఐ యాప్‌లు కూడా దిద్దుతున్నాయి. తప్పులు చూపించమని అడగండి, పనికొస్తుంది. బ్యాండ్, అంటే స్కోరు, ఎంత అని అడిగి ఆ అంకెని నమ్ముకోకండి. తిరగరాసి ఇమ్మని మాత్రం అసలు అడగొద్దు, మళ్ళీ ఇంకొకరి వ్యాసం బట్టీ పట్టే దగ్గరికే వస్తారు.

ఇప్పుడు మీ మూడు దారులు. వచ్చే నెల రాస్తే, ఇవే అలవాట్లతో రాస్తారు కాబట్టి ఇవే అంకెలు రావచ్చు, ఇంకోసారి ఫీజు పోతుంది. మూడు నెలలు ఆగితే కన్సల్టెన్సీ నుంచి ఫోన్లు ఎక్కువవుతాయి, ఇంట్లో ఇంకా ఎన్నాళ్ళని అడుగుతారు, కానీ అలవాటు మారడానికి అంత టైం కావాలి. లిజనింగ్, రీడింగ్ ఈలోగా తుప్పు పట్టకుండా వారానికొక పాత పేపర్ చేస్తుంటే చాలు.

ఓఈటీ సంగతి. ఎన్ఎంసీకి అక్కడ మూడింట్లో బి గ్రేడ్, రైటింగ్‌లో సి ప్లస్ కావాలి. కేస్ నోట్స్ ఇచ్చి, సాధారణంగా రెఫరల్ లెటర్ లాంటిది 180 నుంచి 200 మాటల్లో రాయమంటారు. స్పీకింగ్‌లో రెండు రోల్ ప్లేలు, మీరు నర్సు, ఎదుటివాళ్ళు పేషెంటో, వాళ్ళ బంధువో. విషయం మీ పనే కాబట్టి మీకు నప్పొచ్చు. కానీ మీ స్నేహితురాలు చెప్పని మాట రెండున్నాయి. నోట్స్‌ని పూర్తి వాక్యాలుగా మార్చడమే అక్కడ అసలు పరీక్ష, మీ బలహీనత సరిగ్గా అదే. రెండోది, మీరు పేషెంట్లకి ధైర్యం చెప్పేది తెలుగులో. 'ఏం కాదు పెద్దమ్మా, కొంచెం మంటగా ఉంటుంది, నేను పక్కనే ఉంటా' అని నోరారా చెప్పే మీరు, అదే మాట ఇంగ్లీషులో ఎప్పుడైనా అన్నారా? అక్కడ దానికీ మార్కులుంటాయి. ఫీజు కూడా బాగా ఎక్కువ. ఒక్క ఆదివారం శాంపిల్ పేపర్ పెట్టుకుని రాసి చూడండి. చెయ్యి ఆడితే మారండి. ఇంకో కోచింగ్‌లో చేరడం కోసం మాత్రం మారొద్దు.

మానేయడం గురించి. మీ ఆయన 'ఇక చాలు' అన్నది మీ ఇంగ్లీషు మీద నమ్మకం లేక అన్నాడో, ఖర్చు భయంతో అన్నాడో, బాబుని వదిలి మీరు ముందు వెళ్ళడం ఇష్టం లేక అన్నాడో మీ ఉత్తరంలో తెలియలేదు. మూడూ వేరువేరు. అడిగి తెలుసుకోండి. ఇంకో నిజం కూడా ఇద్దరూ కలిసి చూడాలి: ఈమధ్య బ్రిటన్ ఆసుపత్రులు బయటి దేశాల నర్సులని తీసుకోవడం బాగా తగ్గించాయి. స్కోరు వచ్చిన మర్నాడే ఆఫర్ లెటర్ వస్తుందనుకుని అప్పులు చేయొద్దు. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్ళు చెల్లుతుంది, ఆ గడువుని మనసులో పెట్టుకునే పరీక్ష తేదీ ఎంచుకోండి.

కన్సల్టెన్సీకి ఇప్పటికే కొంత కట్టామని ఒక్క ముక్కలో రాసి దాటేశారు. కోచింగ్‌కి డబ్బు తీసుకుంటే అది వేరు. బ్రిటన్‌లో ఉద్యోగం చూపించినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు వసూలు చేయకూడదన్నది అక్కడి నియమం. కట్టినదానికి దేనికెంతో రాసిన రసీదు అడగండి. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర ఉన్నట్టయితే పరీక్ష సంగతి తర్వాత, ఈ వారం వీక్లీ ఆఫ్ రోజున వెళ్ళి ముందు అవి తెచ్చేసుకోండి.